తరుగు పోను నేనెంత?

మా బాపు కంటికి తూకం ఉంది. కోరుట్లలో మక్కలు, అంటే మొక్కజొన్నలు కొనే ఒక వ్యాపారి దగ్గర ముప్పై ఏళ్లుగా కాంటా పట్టడం ఆయన పని. రైతు తెచ్చిన బస్తాను కాంటా మీదికి ఎత్తించి, ఎంత తూగిందో అందరికీ వినబడేలా అరిచి, తేమకూ తాలు గింజలకూ కొంత తరుగు తీసి, మిగిలిన నికరాన్ని చిట్టీ మీద రాస్తాడు. ఎంత తరుగు తీయాలో చెప్పేది సేటు. తీసేది మాత్రం బాపు చెయ్యి. ముప్పై ఏళ్లు తీసీ తీసీ ఆ మాట ఆయన నోట్లోకి ఎక్కింది, ఆయన నోట్లో నుంచి మా ఇంట్లోకి వచ్చింది. పెళ్లి భోజనం ఎట్లా ఉందని అడిగితే "మంచిగనే ఉంది గని ఉప్పుకు జర తరుగు తియ్యాలె" అనేవాడు. అక్కను చూసుకోవడానికి సిరిసిల్ల నుంచి వచ్చిన అబ్బాయిని గుమ్మంలో చూడగానే అమ్మ చెవిలో, "అరవై ఎనిమిది కిలోలుంటడు. మీసాలకు తరుగు తీస్తే అరవై ఏడున్నర" అన్నాడు. ఆ అబ్బాయే ఇప్పుడు మా బావ. ఆ మాట ఎవరు చేరవేశారో గానీ పెళ్లి నాటికి మీసాలు తీసేసి వచ్చాడు.

ఇట్లాంటి ఇంట్లో పుట్టినవాడికి తరుగు పోను తానెంత అనే అనుమానం ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. నాకది కరోనా కాలంలో వచ్చింది. అప్పటికి నాకు మీసాలు కూడా సరిగ్గా లేవు.

లాక్‌డౌన్ పెట్టేనాటికి నేను జగిత్యాలలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాశాను. పది రోజుల్లో మళ్లీ వస్తాం కదా అని బకెట్టు అక్కడే వదిలేసి కోరుట్లకు వచ్చాను. ఇంటికొచ్చాక ఫలితాలొచ్చాయి. ఎకనామిక్స్ పోయింది. పోతే పోయింది, మళ్లీ రాసి గట్టెక్కుదామంటే ఆ పరీక్ష పెట్టేవాళ్లే లేరు. ఫెయిలైనవాడికి చదువుకోవడానికి ఇంత తీరిక, రాయడానికి మాత్రం పరీక్ష లేకపోవడం మా తరానికే దక్కిన భాగ్యం.

మా గల్లీలో నా ఈడు వాళ్లంతా ఒక్కసారిగా తామెవరో కనిపెట్టే పనిలో పడ్డారు. కాలేజీ లేదు, క్రికెట్ లేదు, చౌరస్తాలో నిలబడటానికి లేదు. ఇక మిగిలిన పని అదొక్కటే. ఒకడు పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో పైపు పెట్టి, బాడీ బిల్డర్ కావడానికి దిగాడు. మూడో రోజు డబ్బా ఊడి కాలి మీద పడింది. తాను బాడీ బిల్డర్ కాదన్న సంగతి వాడికి అట్లా తేలిపోయింది. అందరికంటే ముందు స్పష్టత వచ్చింది వాడికే. ఇంకొకడు వంటల ఛానెల్ పెట్టాడు. వాడి వీడియోల్లో వాడికంటే, వెనక నుంచి "నూనె ఒడగొడుతున్నవ్ గదరా దొంగసచ్చినోడా" అని అరిచే వాళ్లమ్మకే అభిమానులెక్కువ.

నేను ఫోన్‌నే నమ్ముకున్నాను. పది ప్రశ్నలకు జవాబు చెబితే మీరెవరో చెబుతాం అనే పరీక్షలు అందులో బోలెడు. సోమవారం నేను సింహం. బుధవారం గుడ్లగూబ. శుక్రవారం నీలం రంగు. ఒక మధ్యాహ్నం చాలా పెద్ద పరీక్ష ఒకటి రాసి, ఫలితం పట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తాను. అమ్మ వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అమ్మా, నేను ఇంట్రోవర్ట్ అట."

అమ్మ చెయ్యి ఆగింది. "ఎవలన్నరు కొడుకా గట్ల?"

"ఫోన్ల అచ్చింది."

"మందు గోలీలేమన్న రాసిండ్రా?"

"గోలీలుండయే. నలుగుట్ల మాట్లాడబుద్ధి కాదు, గంతే."

"మరి పొద్దటిసంది నా తలకాయ తింటున్నవ్ గదరా!"

గోడకు ఆనుకుని కూర్చున్న బాపు అంతా విన్నాడు. "సింహమాయె, గూబాయె. మనిషి అని ఒక్కపారన్న అచ్చిందా లేదా?" అని అడిగాడు. రాలేదు. ఆ సంగతి గమనించనందుకు నాకు సిగ్గేసింది.

రెండో సంవత్సరమంతా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన, ఫోన్ పట్టుకుని గడిచిపోయింది. సిగ్నల్ అక్కడే వచ్చేది. సార్ "అర్థమైందా?" అని అడిగితే అరవై మందిమి మ్యూట్‌లో ఉండి తలూపేవాళ్లం. చివరికి పరీక్షలు దగ్గర పడుతుండగా అక్క రమ్మందని నాలుగు రోజులకు సిరిసిల్ల వెళ్లాను. పుస్తకాలు కూడా తీసుకెళ్లాను. చదవడానికి కాదు, చదువుతున్నానని బాపు అనుకోవడానికి.

అక్కడికి వెళ్లిన మూడో రోజు జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే పాజిటివ్. ఆ ఏడాది నేను రాసి పాసైన పరీక్ష అదే అని బావ జోకు వేశాడు, వేస్తూనే రెండడుగులు వెనక్కి జరిగాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని నన్ను సాంచాల షెడ్డులో పడుకోబెట్టారు. సాంచాలంటే మరమగ్గాలు. బావకు ఎనిమిది ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆ షెడ్డులో పక్కవాడి మాట వినబడదు. అప్పుడు నూలు రాక, కొనేవాళ్లు లేక అన్నీ ఆగిపోయాయి. ఎనిమిది సాంచాల మధ్య నవారు మంచం మీద నేను. అక్క గిన్నె గుమ్మం దగ్గర పెట్టి ఆమడ దూరం జరిగి, మూతికి కొంగు కట్టుకుని ఏడ్చేది. జ్వరం వచ్చిన నాలుగో రోజు ఆయాసం మొదలైంది. మంచం మీద నుంచి లేచి గిన్నె తెచ్చుకోవడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. చచ్చిపోతానేమో అనిపించింది. చచ్చిపోతే నా గురించి ఏమని చెప్పుకుంటారు? ఎకనామిక్స్ ఫెయిలు, ఇంట్రోవర్టు. ఇంకేమీ తోచక నిజంగానే ఏడ్చాను.

ఆ రోజు వీడియో కాల్‌లో అమ్మ నన్ను చూసింది. చూసి, ఫోన్ పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తింది. తెరలో నాకు కనిపించింది మా ఇంటి పైకప్పు ఒక్కటే. గొంతు మాత్రం గట్టిగా వినిపించింది.

"సమ్మక్క తల్లీ, నా కొడుకు లేశి తిరుగుతే జాతరనాటికి నిలువెత్తు బంగారం పెడుత!"

మా దిక్కు ఆ తల్లికి పెట్టే బంగారమంటే బెల్లమే. మొక్కుకున్న మనిషిని తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు అంత బరువు బెల్లం పెట్టి తూచి, తల్లికి ఇచ్చి, మిగతాది అందరికీ పంచుతారు. షెడ్డు గుమ్మంలో నిలబడి వింటున్న మా బావ వ్యాపారస్తుడు. ఆయన బుర్ర వెంటనే పనిచేసింది.

"అత్తమ్మా, గిప్పుడెంతున్నడో రాశి పెట్టుకోరాదు. ఎండుకపోయి నలభై తొమ్మిదే ఉన్నడు. గదే లెక్క పెట్టుకుంటె..."

"తల్లి తోని బేరమాడుతవా నాయినా? తీర్చేనాడు ఎంతుంటే గంత!"

ఆ మాటతో ఏం జరగబోతుందో ఎవరికీ తెలియలేదు.

నేను లేచి తిరిగాను. నేను మంచంలో ఉండగానే పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాస్ అన్నారు. ఫెయిలైన సబ్జెక్టుకు ముప్పై అయిదు మార్కులు వేసి ఇచ్చారు. కోరుట్లలో బస్సు దిగి గల్లీలోకి వచ్చానో లేదో, పక్కింటి పెద్దమ్మ అరుగు మీద నుంచి పలకరించింది.

"పానం మంచిగుందా కొడుకా? పాసైనవటగదా! కరోనా పాసేనా?"

పెద్దమ్మ మనసులో ఏమీ లేదు. ఆ ఏడు పాసైన ప్రతివాడినీ ఊరంతా అట్లానే అడిగేది. కానీ గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాకు ఒళ్లు మండింది. "అందరి లెక్కనే" అని విసురుగా చెప్పి లోపలికి వెళ్లిపోయాను. అబద్ధం. అందరి లెక్క కాదు. చదివినవాళ్లు పరీక్ష పెట్టినా పాసయ్యేవాళ్లు. నేను?

మెమో తెచ్చుకోవడానికి జగిత్యాల వెళ్లినప్పుడు ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది. మాస్కులు కట్టుకుని పొడుగ్గా వరుసలో నిలబడ్డాం. ఏడాది పాటు ఒకే గదిలో పడుకున్నవాళ్లం ఒకరినొకరు గుర్తుపట్టలేదు. కొడిమ్యాల నుంచి వచ్చిన నా హాస్టల్ దోస్తు నా వెనకే అరగంట నిలబడి, నేను దగ్గితే గుర్తుపట్టాడు. "అరే, నువ్వా! నీ బకెట్ మా ఇంట్లనే ఉన్నది. కోళ్లకు నీళ్లు పెడుతున్నం" అన్నాడు. అంత దిగుల్లోనూ ఆ మాటకు సంతోషం వేసింది. నా వస్తువు ఒకటైనా ఎవరికో పనికొస్తోంది.

కిటికీ దగ్గర గుమాస్తా సారు మెమో మీది ఫోటోను, నన్ను మార్చి మార్చి చూశాడు. మాస్కు తీయమన్నాడు. జ్వరం తగ్గాక అమ్మ పెట్టిన తిండికి అప్పటికే బుగ్గలు పొంగాయి. ఫోటోలో ఉన్నవాడు నాలో సగం.

"ఇది నువ్వేనా?" అన్నాడు.

"ఏమో సార్" అన్నాను. ఫోన్ పరీక్షలు రాసీ రాసీ నిజాయితీగా వచ్చేసిన జవాబది. వెనక వరుసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి మెమో చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆ ముప్పై అయిదును చాలాసేపు చూశాను. ఇక లాభం లేదనుకుని పాత ప్రశ్నపత్రం ఒకటి సంపాదించి, మిద్దె మీద ట్యాంకు నీడలో కూర్చుని, ఫోన్‌లో మూడు గంటలకు అలారం పెట్టి, నాకు నేనే ఎకనామిక్స్ పరీక్ష పెట్టుకున్నాను. పుస్తకం కింద ఇంట్లో వదిలి వచ్చాను. మధ్యలో నీళ్లకు దిగాల్సి వస్తే నన్ను నేనే అడిగి దిగాను. రాశాక ఎర్రపెన్నుతో దిద్దాను. పందొమ్మిది వచ్చాయి. దస్తూరీ బాగుందని అయిదు కలిపాను. జ్వరం నుంచి లేచినవాడు కదా అని ఇంకో రెండు. ఇరవై ఆరు. అంతకంటే కలపడానికి నాకే సిగ్గేసింది. తొమ్మిది తక్కువ. అంటే పరీక్ష జరిగి ఉంటే నేను ఫెయిలే. నా మెమోలో తొమ్మిది మార్కులు తాలు.

ఆ కాగితాలు అమ్మ కంటబడ్డాయి. ఎర్ర సిరా చూసి కంగారుపడి అడిగింది. చెప్పేశాను.

"పరీచ్చే పెట్టలేదంటివి గదరా?"

"నేనే పెట్టుకున్న."

"నువ్వే పెట్టుకోని నువ్వే ఫెయిలైనవా? నిన్నెవడు పెట్టుకొమ్మన్నడు?"

నా కళ్లలో నీళ్లు వచ్చాయి. అమ్మ ఆ కాగితాలను మడిచి చాట కింద పెట్టుకుంది. లేచి వెళ్లి వేడివేడిగా సర్వపిండి చేసి తెచ్చింది. రెండు తిన్నాను. మూడోది కూడా తిన్నాను.

సమస్య అక్కడే మొదలైంది. నాకు దిగులేస్తే ఆకలేస్తుంది. నాకు ఆకలేస్తే అమ్మకు ఆనందం. వానాకాలం మక్క గారెలు, దసరాకు మటను, చలికాలం సకినాలు. ఒక ఆదివారం బాపు నన్ను ఎగాదిగా చూసి, "యాభై ఏడు దాటిండు" అని గొణుక్కుని, ఖాళీగా ఉన్న గోదాముకు తీసుకెళ్లి కాంటా మీద నిలబెట్టాడు. అలవాటు కొద్దీ గొంతెత్తి అరిచాడు.

"యాభై ఎనిమిదీ! బట్టలకు తరుగు అర కిలో!"

మూలన కూర్చున్న హమాలీ ఒకాయన, "గీ బస్తాల తేమెక్కువున్నట్టుందే!" అన్నాడు. గోదామంతా నవ్వు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నా తూకం ఆ గోదాముకు పండుగ.

బెల్లం ధర చూసుకున్న బాపు నన్ను పొద్దున్నే లేపి ఉరికించడం మొదలుపెట్టాడు. ముందు నేను, వెనక సైకిల్ మీద బాపు, ఆ వెనక మా ఇద్దరిలో ఎవరిని కరవాలో తేల్చుకోలేని ఒక కుక్క. ఉరికి ఇంటికొచ్చేసరికి అమ్మ గిన్నె నిండా ఉప్మాతో ఎదురుచూసేది.

"ఏమే, తగ్గుతడని నేను ఉరికిస్తుంటే నువ్వు మేపుతున్నవా?"

"ఉరికిండు గదనయ్యా. ఆకలిగాదా?"

సిరిసిల్ల నుంచి బావ ఫోన్ చేసి, "బామ్మర్ది, జాతర దాక కంట్రోల్‌ల ఉండు, అటెన్క నీ ఇష్టం" అని సలహా ఇచ్చేవాడు. బాపు ఒకవైపు, అమ్మ ఒకవైపు. నా లోపల మాత్రం వేరే తూకం నడుస్తోంది. ఆ ముప్పై అయిదు పుణ్యాన జగిత్యాలలోనే డిగ్రీలో చేరాను. కాలేజీలు తెరిచారు. క్లాసులో ఎవరైనా మార్కులెన్ని అని అడుగుతారేమోనని వెనక బెంచీలో, మాస్కు ముక్కు దాకా లాక్కుని కూర్చునేవాడిని. నేను ఈ బెంచీలో ఉండాల్సినవాడిని కాదు అనిపించేది. రాత పరీక్షలో తప్పినవాడిని, రోగం దయతో కూర్చున్నాను. చదువు మానేసి బాపుతో కాంటాకు పోతానని చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. జాతర మొక్కు తీరాక చెబుదామనుకున్నాను.

మాఘమాసం వచ్చింది. మొక్కు రోజు అక్క, బావ సిరిసిల్ల నుంచి దిగారు. కరెంటు కాంటా మీద తూచి తెస్తే సరిపోతుంది కదా అన్నాడు బావ. "తల్లికి నంబర్లు చూపెడుతవా?" అని అమ్మ కోప్పడింది. దాంతో గోదాములో మూలన పడి ఉన్న పాత గొలుసుల తక్కెడను తెచ్చి మా వాకిట్లో మూడు వాసాలకు వేలాడదీశారు. పసుపు, కుంకుమ పెట్టారు. నేనొక పళ్లెంలో ముడుచుకుని కూర్చున్నాను. గల్లీ అంతా మాస్కులతో చుట్టూ నిలబడింది. పక్కింటి పెద్దమ్మ కుర్చీ తెచ్చుకుంది.

బెల్లం అన్నీ కిలో ముద్దలే. బాపు ఒక్కొక్కటే రెండో పళ్లెంలో పెడుతూ గింజలు కొలిచేవాళ్లలాగే లెక్కపెట్టాడు. వాళ్లు ఒకటి అనరు.

"లాభం... రెండూ... మూడూ..."

యాభై దాటింది. నేను కదల్లేదు. అరవై అయ్యేసరికి గల్లీ పిల్లలు కూడా గొంతు కలిపారు. బావ తల పట్టుకున్నాడు. అరవై నాలుగో ముద్దకు నా పళ్లెం నేల వదిలి, కొంచెం ఊగి, రెండూ సమానంగా నిలిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా బాపు ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, తాను ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా, చెయ్యి చాచి ఒక ముద్ద తీసి పక్కన పెట్టాడు.

"బట్టలకు, బెల్టుకు తరుగు ఒక కిలో."

నా పళ్లెం దబ్బున నేలకు తగిలింది. అంతే, అమ్మ వచ్చింది. మా అమ్మ అంత గట్టిగా అరవడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"ఎవనికి తరుగు తీస్తున్నవయ్యా? నా కొడుకు ఏమన్న పచ్చి మక్కలా? సచ్చి బతికచ్చిండు వాడు! నా కొడుకుల తరుగేం లేదు! పెట్టు!"

అమ్మ అంటున్నది బెల్లం గురించే. కానీ అరిచాక ఒక్క క్షణం నా వైపు చూసింది. మడిచి చాట కింద పెట్టుకున్న ఆ ఎర్రసిరా కాగితాలు ఆమెకు గుర్తున్నాయని నాకు ఆ చూపులో తెలిసిపోయింది. తక్కెడలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. కరోనా మాస్కు నాకు నిజంగా ఉపయోగపడ్డది ఆ రోజే.

బాపు తీసిన ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. నా వైపు చూశాడు. వంగి ఇంకో ముద్ద తీసి, దాన్నీ పెట్టాడు. బెల్లం కిందికి మొగ్గింది. నేను ఏడుస్తూనే గాల్లోకి లేచాను.

"పోరడు ఏడ్వబట్టె, దించుండ్రయ్యా" అంది పెద్దమ్మ. అందరికంటే పెద్ద ముక్క ప్రసాదం ఆమే తీసుకుంది. బావ లెక్క ప్రకారం అది నా ఎడమ మోకాలు.

కాంటాకు పోతానన్న మాట బాపుతో చెప్పలేదు. డిగ్రీ చదివాను, ఈసారి పరీక్షలు నిజంగానే పెట్టారు. ఇప్పుడు ఉద్యోగాలకు వెళ్లినప్పుడు అడుగుతారని ఇంటర్ మెమోను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. అదే కవరులో ఇంకో కాగితం కూడా ఉంది. ఆ రోజు జనమంతా వెళ్లిపోయాక, జేబులో ఎప్పుడూ ఉండే చిట్టీల పుస్తకం తీసి బాపు రాసి, చించి నా చేతిలో పెట్టింది. తూకం అరవై నాలుగు. తరుగు అన్నచోట అడ్డగీత. నికరం అరవై అయిదు. బాపు ముప్పై ఏళ్లలో రాసిన చిట్టీలన్నిట్లో తూకం కంటే నికరం ఎక్కువున్నది అదొక్కటే.